సినిమా వస్తుంది, కరెంటు బిల్లు రాదు

శనివారం, అర్ధరాత్రి దాటాక

అమ్మ మాటతోనే మొదలుపెడతాను. ఈ వ్యవహారాన్ని అంతకన్నా కచ్చితంగా నేను వర్ణించలేను: "అదేమిటిరా, సినిమా వస్తుంది గానీ కరెంటు బిల్లు రాదా?"

నిజంగా అంతే. టీవీలో యూట్యూబ్ నిక్షేపంగా ఆడుతోంది. వాట్సాప్ సందేశాలు వెళ్తున్నాయి. గూగుల్ అడిగినదానికల్లా జవాబిస్తోంది. కరెంటు బిల్లు కట్టే సైటు మాత్రం తెల్ల కాగితంలా నిలబడిపోయింది. పైన చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఫలానా తప్పు జరిగిందని కూడా చెప్పదు. మా బ్యాంకు సైటుదీ అదే వరస. నేను రోజూ చదివే రెండు పత్రికల్లో ఒకటి తెరుచుకుంటోంది, రెండోది తెరుచుకోవడం లేదు.

నెట్ పూర్తిగా పోతే ఒక నిశ్చింత ఉంటుంది. ఆపరేటర్‌కు ఫోన్ చేసి "ఎర్ర దీపం వెలుగుతోంది" అని చెప్పి పడుకోవచ్చు. ఇలా సగం వచ్చి సగం రాకపోతే ఎవరికీ చెప్పుకోలేము. చెప్పినా స్పీడు ఎంత వస్తోందో చూడమంటారు. చూశాను. 100 మెగాబిట్ల ప్లానుకు 96 వస్తోంది.

కాస్త వెనక్కి వెళ్తాను. రాజమహేంద్రవరంలో మా ఇల్లు రైలుపెట్టె వాటం. ముందు గది, దాని వెనక గది, దాని వెనక ఇంకో గది, చివర వంటిల్లు. ఫైబర్ తీగ ముందు గదిలో దిగుతుంది. ఆపరేటర్ ఇచ్చిన పెట్టెలోని వైఫై రెండో గది దాకా వచ్చి అలసిపోతుంది. అందుకని నాలుగు రోజుల కిందట సెకండ్ హ్యాండ్ రౌటర్ ఒకటి కొన్నాను. దానిలో కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచితమైనది ఎక్కించాను. ఆపరేటర్ ఆఫీసుకు ఫోన్ చేసి, వాళ్ల పెట్టెను బ్రిడ్జి పద్ధతిలోకి మార్పించాను. ఇక ఆ పెట్టె పనల్లా ఫైబర్‌లో వచ్చిన వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చి అందించడమే. యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెప్పి గుమ్మం దాటి లోపలికి వెళ్లడం నా రౌటర్ పని.

మధ్యాహ్నం నాలుగింటికి అంతా అమర్చాను. వంటింట్లో కూడా నాలుగు గీతలూ వచ్చాయి. అమ్మకు చూపించి మెప్పు కూడా పొందాను. రాత్రి తొమ్మిదికి బిల్లు సంగతి బయటపడింది.

ఆ తరువాత మూడున్నర గంటల్లో నేను చేసినవి రాస్తే సిగ్గుగా ఉంటుంది, అయినా డైరీ కాబట్టి రాస్తున్నాను. రౌటర్ ఆపి వేశాను. ఆపరేటర్ పెట్టె ఆపి వేశాను. సైటు పేరుకు చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వరును 8.8.8.8కి మార్చాను, తరువాత 1.1.1.1కి మార్చాను. కొత్త తరం చిరునామా పద్ధతి ఐపీవీ6 తీసేశాను. బ్రౌజర్‌లో దాచిన పాత పేజీలన్నీ తుడిచేశాను. అమ్మ ఫోన్లో కూడా ఏవో రెండు మూడు మార్చాను. ఏ మార్పు తరువాత ఏమైందో ఎక్కడా రాసుకోలేదు. అన్నీ మార్చాక కూడా తెల్ల కాగితం తెల్ల కాగితంగానే ఉంది.

చివరకు నా ఫోన్ హాట్‌స్పాట్ వేసి, అదే ల్యాప్‌టాప్‌లో, అదే బ్రౌజర్‌లో ప్రయత్నిస్తే మూడు సెకన్లలో సైటు తెరుచుకుంది. బిల్లు కట్టేశాను. కాబట్టి తప్పు సైటుది కాదు, ల్యాప్‌టాప్‌దీ కాదు. ఈ రాత్రంతా చేసిన వాటిలో పరీక్ష అనదగ్గది ఇదొక్కటే. మిగతావన్నీ కంగారు.

ఆదివారం

పాత లెక్కల నోట్‌బుక్ ఒకటి తీశాను. ఎడమ పక్క తెరుచుకున్నవి, కుడి పక్క తెరుచుకోనివి. ఇరవై సైట్లు ప్రయత్నిస్తే తొమ్మిది కుడి పక్కకు వెళ్లాయి. బ్యాంకులు రెండు, బీమా కంపెనీ, కరెంటు, ఒక విశ్వవిద్యాలయం, ఒక పత్రిక, మిగతావి చిన్న దుకాణాలు. వాటిలో పోలిక ఏమీ కనిపించలేదు. కానీ గంట ఆగి మళ్లీ చూస్తే అవే తొమ్మిది. కాసేపు వచ్చి కాసేపు పోవడం లేదు. ఇది కొంత ఊరట, ఎందుకంటే మొండి జబ్బే అయినా నిలకడగల జబ్బు.

ముందు డీఎన్ఎస్ సంగతి తేల్చాలి. మన దగ్గర నెట్ ఆగితే 8.8.8.8 పెట్టమనని మనిషి లేడు. జలుబుకు మిరియాల పాలు లాంటిది అది. తగ్గితే పాల వల్లే తగ్గినట్టు. గూగుల్ దాన్ని 2009 డిసెంబరులో తెచ్చింది, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1ను 2018 ఏప్రిల్ 1న తెచ్చింది. రెండూ మంచివే. కానీ డీఎన్ఎస్ చేసేది పేరు చెబితే చిరునామా చెప్పడం వరకే. చిరునామా దొరికాక జరిగే దానితో దానికి సంబంధం లేదు. ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశంతో ఆ తొమ్మిది సైట్ల చిరునామాలు ఇంటి లైనులో అడిగాను, హాట్‌స్పాట్‌లో మళ్లీ అడిగాను. ఏడింటికి అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు. మిగతా రెండింటికి వేరే అంకెలు వచ్చాయి గానీ, పెద్ద సైట్లకు నాలుగైదు చిరునామాలు ఉండటం మామూలే.

దీన్ని ఇంకా సులువుగా తెలుసుకునే దారి కళ్ల ముందే ఉంది, శనివారం నేను చూడలేదు. పేజీ రాకుండా ఆగినప్పుడు బ్రౌజర్ అడుగున ఎడమ మూల సన్నని అక్షరాల్లో ఏదో చెబుతూ ఉంటుంది. చిరునామా వెతుకుతున్నానని చెబితే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. నాకు మాత్రం చిరునామా దొరికిపోయింది, అవతలి తలుపూ తెరుచుకుంది, సురక్షిత సంబంధం ఏర్పరుస్తున్నానని చెప్పి అక్కడ ఆగిపోతోంది. టెల్‌నెట్‌తో బ్యాంకు సర్వరు 443వ పోర్టును, అంటే సురక్షిత పేజీలు ఇచ్చే తలుపును, తట్టి చూస్తే వెంటనే పలికింది. అంటే మనిషి గుమ్మంలోకి వచ్చాడు, నమస్కారం పెట్టాడు, ఆ తరువాత మాట పడిపోయింది.

సాయంత్రం ఇంకో అనుమానం. నా రౌటర్‌కు బయటి వైపు వచ్చిన చిరునామా 100తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామాలను 2012లో ఇలాంటి అవసరానికే కేటాయించారు: పాత పద్ధతి ఐపీవీ4 చిరునామాలు చాలక, ఆపరేటర్ వందల ఇళ్లను ఒకే చిరునామా వెనక కూర్చోబెట్టడానికి. ఆ వందల ఇళ్లలో ఎవరో చేసిన అల్లరికి బ్యాంకులు అందరినీ బయటే నిలబెట్టాయేమో అనుకున్నాను. కానీ అలా అయితే తలుపే తెరవరు, లేదా పొమ్మని చెబుతారు. తలుపు తీసి మౌనం పాటించరు. పైగా ఈ చిరునామా గత నెలలోనూ ఇలాగే ఉండేది. కొట్టేశాను.

సోమవారం

కేబుల్ అబ్బాయి వచ్చాడు. వెలుగు బలం కొలిచే చేతి మీటరు ఫైబర్ కొనకు తగిలించి "మైనస్ 19 సార్, లైటు బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. మైనస్ 27 దాకా పడిపోతే గాని ఆ పెట్టెకు ఇబ్బంది ఉండదు, కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. తరువాత నా రౌటర్ తీగ పీకి తన ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. మా యూజర్ పేరుతో దాని నుంచే నేరుగా డయల్ చేశాడు. నా నోట్‌బుక్ కుడి పక్కనున్న తొమ్మిది సైట్లూ వరసగా తెరిచి చూపించాడు. తొమ్మిదీ వచ్చాయి.

"లైను మాది బాగుంది సార్. మీ డబ్బాలోనే ఏదో ఉంది."

డబ్బా అన్నందుకు నాకు కోపం వచ్చింది. అమ్మ మాత్రం "బాబూ, మజ్జిగ తాగి వెళ్లు, ఎండన పడి వచ్చావు" అని లోపలికి పిలిచింది. వాడు మజ్జిగ తాగుతూ, "పోనీ మా డబ్బా పాత పద్ధతిలోకి మార్చేయమంటారా?" అని అడిగాడు. అది ఐదు నిమిషాల పని. సమస్యా పోతుంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అమ్మకు వివరించలేకపోయాను. ఎందుకు పోయిందో తెలియకుండా పోయిన జబ్బు ఇంట్లోనే ఎక్కడో ఉన్నట్టు అనిపిస్తుంది నాకు.

అతను వెళ్లాక కోపం దిగింది, అతను ఎంత మంచి పరీక్ష చేసి వెళ్లాడో అప్పుడు అర్థమైంది. రౌటర్‌ను తప్పించాడు, మిగతాదంతా అలాగే ఉంచాడు. ఒక్కటే మార్పు. శనివారం నేను మూడున్నర గంటల్లో చేయని పని అతను మజ్జిగ రాకముందే చేశాడు.

సరే, తప్పు నా డబ్బాదే అనుకుందాం. రాత్రి రౌటర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచే ఆదేశాలిచ్చే పద్ధతి) ద్వారా వెళ్లి, బ్యాంకు సైటు మొదటి పేజీని రౌటర్ చేతనే తెప్పించాను. వచ్చేసింది! పూర్తిగా, ఒక్క సెకనులో. రెండోసారి, మూడోసారి. కరెంటు సైటు కూడా వచ్చింది. పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. వైఫై అనుమానం లేకుండా తీగ కూడా పెట్టి చూశాను. అదే వరస.

లైను మంచిది. రౌటర్ మంచిది. హాట్‌స్పాట్‌లో ల్యాప్‌టాప్ కూడా మంచిదే. ఎవరికి వారు బుద్ధిమంతులే, కలిస్తేనే కాపురం చెడుతోంది.

మంగళవారం

ఆఫీసులో ఆలస్యమైంది. ఏమీ చేయలేదు. అమ్మ ఫోన్లో ఏదో రావడం లేదని అంది, రేపు చూస్తానన్నాను.

బుధవారం

ఈ రోజు దొరికింది. తొందరపడకుండా రాస్తాను.

రౌటర్‌లో టీసీపీడంప్ ఎక్కించాను. ఇది వచ్చే పోయే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే సమాచారం ముక్కనూ, వరస రాసిపెట్టే గుమస్తా. ల్యాప్‌టాప్‌లో బ్యాంకు సైటు ఒకసారి తెరవమని, బయటి వైపు ఏం జరుగుతోందో చూశాను. పలకరింపు వెళ్లింది, జవాబు వచ్చింది, సంబంధం కుదిరింది. ల్యాప్‌టాప్ తన మొదటి మాట చెప్పింది, సర్వరు అందిందని రసీదు పంపింది. ఇప్పుడు సర్వరు తానెవరో రుజువు చేసే ధ్రువపత్రం పంపాలి. అది మూడు నాలుగు కిలోబైట్లు ఉంటుంది, ఒక ప్యాకెట్‌లో పట్టదు. మూడు ముక్కలు రావాలి.

ఒక్కటే వచ్చింది. అదీ మూడోది. 2921వ బైటు నుంచి 3731వ బైటు దాకా, 811 బైట్ల చిన్న ముక్క. మొదటి రెండు ముక్కలు లేవు. ల్యాప్‌టాప్ పాపం "చివరిది అందింది, మొదటివి ఏవి?" అని అడుగుతూ ఉంది. అవతల నుంచి నిశ్శబ్దం.

తోక వచ్చింది, తల రాలేదు. ఆ వరస చూసి కుర్చీలో వెనక్కి వాలి కాసేపు అలాగే ఉండిపోయాను. రాని ముక్కలు రెండూ నిండు ప్యాకెట్లు. వచ్చింది చిన్నది. అంటే పెద్దవే ఎక్కడో పడిపోతున్నాయి. నోట్‌బుక్‌లో సైట్ల మధ్య నేను వెతికిన పోలిక సైట్లలో లేదు, అవి పంపే మూటల సైజులో ఉంది.

ఇక ఎందుకు పడిపోతున్నాయో చెప్పాలంటే 1980 దాకా వెళ్లాలి. ఆ ఏడాది డిజిటల్, ఇంటెల్, జెరాక్స్ కంపెనీలు కలిసి కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్‌నెట్ ప్రమాణం ప్రకటించినప్పుడు ఒక్కో ఫ్రేములో సరుకు 1500 బైట్లు మించకూడదని పెట్టారు. నేటికీ ఇళ్లలో అదే హద్దు. దానిలో చిరునామాలు రాసే ఐపీ తలకట్టు 20, ముక్కల వరస చూసే టీసీపీ తలకట్టు 20 పోగా అసలు సరుకు 1460. నా ల్యాప్‌టాప్ పలకరింపులోనే సర్వరుకు ఈ మాట చెబుతుంది: "నాకు ఒక్కో ముక్క 1460 దాకా పంపవచ్చు." ఈ అంకె పేరు ఎంఎస్ఎస్. గుమస్తా రాసిన వరసలో స్పష్టంగా ఉంది, 1460.

కానీ నా లైను పీపీపీఓఈ. యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి డయల్ చేసే ఈ పద్ధతి ఫోన్ లైను మోడెముల కాలం నాటి అలవాటు. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు మోడెము కీచుమంటూ కలిసి, ఆ తరువాత పేరు అడిగేది. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక డయల్ చేయాల్సిన అవసరం పోయినా, పేరు అడిగి బిల్లు వేసే ఆ ఏర్పాటును కంపెనీలు వదులుకోదలచుకోలేదు. అందుకని పాత పీపీపీని ఈథర్‌నెట్ మీద కూర్చోబెట్టే పద్ధతిని 1999లో ఆర్ఎఫ్‌సీ 2516 అనే సాంకేతిక పత్రంగా ప్రచురించారు. ఆ కూర్చోబెట్టడానికి 6 బైట్ల తలకట్టు ఒకటి, 2 బైట్ల గుర్తు ఒకటి కావాలి. మొత్తం 8. హద్దు 1500లోంచే ఆ 8 పోవాలి. మిగిలేది 1492.

రైల్వే గేటు ముందు లారీల ఎత్తు కొలవడానికి అడ్డంగా కడ్డీ కట్టి ఉంటుంది కదా. బ్యాంకు సర్వరు 1500 ఎత్తు లారీని పంపింది. ఊళ్లన్నీ దాటి ఆపరేటర్ చివరి యంత్రం దాకా వచ్చింది. అక్కడి కడ్డీ ఎత్తు 1492. లారీ మీద "సరుకు విడదీయవద్దు" అని రాసి ఉంది, ఈ కాలంలో దాదాపు అన్నిటి మీదా రాసి ఉంటుంది. ఆ యంత్రం లారీని పక్కన పారేసి, పంపినవారికి ఒక కార్డు ముక్క రాస్తుంది: "దారి ఇరుకు, 1492 మించకుండా మళ్లీ పంపండి." యంత్రాలు ఇలాంటి కబుర్లు చెప్పుకునే ఐసీఎంపీలో ఇది మూడో రకం, నాలుగో సంకేతం. ఈ ఉత్తరప్రత్యుత్తరాలతో దారి కొలత తెలుసుకునే పద్ధతిని జెఫ్ మొగల్, స్టీవ్ డీరింగ్ 1990లోనే ఆర్ఎఫ్‌సీ 1191లో రాశారు. చక్కని పద్ధతి. కార్డు చేరితే సర్వరు రెండోసారి చిన్న మూటలు కడుతుంది, మనకు ఏమీ తెలియదు.

చేరితే. చాలా చోట్ల ఐసీఎంపీ అంటే పింగ్ (ఉన్నావా అని పలకరించే ప్యాకెట్), పింగ్ అంటే దొంగలు తలుపు తట్టి చూడటం అనుకుని, ఫైర్‌వాల్ దగ్గర మొత్తంగా ఆపేస్తారు. కార్డు తెచ్చిన టపా మనిషిని కాపలావాడు గేటు బయట నుంచే తరిమేస్తాడు. సర్వరుకు రసీదు రాలేదు, ఫిర్యాదూ రాలేదు. కాబట్టి అదే 1500 లారీని మళ్లీ పంపుతుంది. మళ్లీ కడ్డీ, మళ్లీ కార్డు, మళ్లీ కాపలావాడు. దీనికి నెట్‌వర్కు మనుషులు పెట్టిన పేరు ‘కృష్ణబిలం’. 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2923లో ఈ జబ్బు లక్షణాలన్నీ ఉన్నాయి. ఇన్నేళ్లయినా మా వంటింట్లో కరెంటు బిల్లును ఆపగలిగింది.

ఇక నోట్‌బుక్ ఎడమ పక్కకు వస్తే, అమ్మ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. సినిమా అంత పెద్దది వస్తుంటే చిట్టి బిల్లు ఎందుకు రాదు? సినిమా పెద్దదే గానీ దాని మూటలు చిన్నవి. యూట్యూబ్ వంటివి ఎక్కువగా క్విక్ అనే కొత్త పద్ధతిలో నడుస్తాయి. అది టీసీపీని వాడదు, 1200 బైట్ల దగ్గర మొదలుపెట్టి, దారి సరిపోతుందని రుజువైతే గాని సైజు పెంచదు. వాట్సాప్ సందేశం ఎలాగూ చిన్నదే. తెరుచుకున్న పత్రిక సర్వరు కార్డులు చదివే రకం, తెరుచుకోనిది కాపలావాడు ఉన్న రకం. స్పీడు పరీక్షలో 96 రావడానికి కూడా కారణం ఇలాంటిదే అయి ఉండాలి.

రౌటర్ తాను స్వయంగా తెచ్చినప్పుడు ఎందుకు వచ్చింది? కడ్డీ దాని గుమ్మంలోనే ఉంది, అది చూసుకుని, 1492లో తలకట్లు 40 పోగా 1452 పంపమని ముందే అడుగుతుంది. కేబుల్ అబ్బాయి ల్యాప్‌టాప్ కూడా తానే డయల్ చేసింది కాబట్టి దానికీ తెలుసు. నా ల్యాప్‌టాప్ రౌటర్ వెనక కూర్చుంది. దానికి కనిపించేది ఇంట్లోని 1500 దారి మాత్రమే. అమాయకంగా 1460 అని చెబుతోంది.

గురువారం

సిద్ధాంతం బాగుంది గానీ రుజువు కావాలి.

ల్యాప్‌టాప్ నుంచి "ముక్కలు చేయవద్దు" గుర్తు పెట్టి, 1472 బైట్ల సరుకుతో పింగ్ పంపాను. 8 బైట్లు ఐసీఎంపీ తలకట్టు, 20 ఐపీ తలకట్టు కలిపితే సరిగ్గా 1500. ముక్కలు చేయక తప్పదని రౌటర్ తిప్పికొట్టింది. 1464తో వెళ్లింది. 1465తో వెళ్లలేదు. 1464కు 28 కలిపితే 1492. మామూలు పింగ్ విండోస్‌లో 32 బైట్లే పంపుతుంది. "పింగ్ వెళ్తోంది కదా" అని శనివారం నేను మురిసిపోయింది దాన్ని చూసే. సందులో సైకిలు పట్టింది కాబట్టి లారీ పడుతుందనుకోవడం అది.

తరువాత ల్యాప్‌టాప్‌లో ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ సైజు హద్దు, 1492కు తగ్గించాను, ఇంకేమీ ముట్టుకోలేదు. బ్యాంకు సైటు తెరుచుకుంది. మళ్లీ 1500 పెట్టాను, ఆగింది. 1492, వచ్చింది. మూడుసార్లు అటూ ఇటూ తిప్పితే గాని నాకు నమ్మకం కుదరలేదు.

ఇక్కడితో ఆగిపోవచ్చు గానీ, ఇంట్లో ఉన్న టీవీకి, మూడు ఫోన్లకు, వచ్చిన చుట్టాల ఫోన్లకు ఒక్కొక్కదానికి ఎంటీయూ మార్చుకుంటూ తిరగలేను. సరైన వైద్యం రౌటర్ దగ్గరే ఉంది. ల్యాప్‌టాప్ "1460 పంపు" అని పలకరించినప్పుడు, ఆ ప్యాకెట్ తన గుండా వెళ్లేటప్పుడు రౌటర్ ఆ అంకెను 1452గా దిద్ది పంపాలి. దీన్నే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అంటారు. సర్వరుకు మొదటి నుంచే చిన్న మూటలు కట్టాలని తెలుస్తుంది. కార్డులు, కాపలావాళ్లు, ఆ గొడవే ఉండదు. ఇది టీసీపీకే పనికొస్తుంది, కానీ నా తొమ్మిది సైట్ల బాధా టీసీపీదే.

అయితే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఇది మొదటి నుంచే ఉంటుందని చదివాను. ఫైర్‌వాల్‌లో ఇంటర్నెట్ వైపు ఉన్న బయటి జోన్‌కు ఆ గడి టిక్కుతోనే వస్తుంది. మరి నాకెందుకు లేదు? ఫైర్‌వాల్ పేజీ తెరిచి చూశాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అయింది. శనివారం మధ్యాహ్నం, అంతా నా చేత్తో కట్టుకోవాలన్న ఉత్సాహంలో, అది ఇచ్చిన బయటి జోన్‌ను తీసేసి ‘బయట’ అని నా పేరుతో కొత్తది చేసుకున్నాను. దానిలో పక్కపక్కనే రెండు గడులు. మొదటిది మాస్కరేడింగ్, ఇంట్లోని వాటన్నిటినీ ఒకే చిరునామాతో బయటికి పంపేది, అది లేకపోతే అసలు నెట్టే రాదు కాబట్టి టిక్కు పెట్టాను. రెండోది ఎంఎస్ఎస్ క్లాంపింగ్. దాన్ని చూసినట్టు, ఇదేమిటో తరువాత చదువుదాం అనుకున్నట్టు కూడా గుర్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈసారి దొంగే డైరీ రాస్తున్నాడు.

టిక్కు పెట్టాను. సేవ్ చేశాను. ల్యాప్‌టాప్ ఎంటీయూ మళ్లీ 1500కు తెచ్చి, గుమస్తాను కూర్చోబెట్టి బ్యాంకు సైటు తెరిచాను. లోపలి వైపు నుంచి 1460 వచ్చింది, బయటి వైపు 1452 వెళ్లింది. మూడు ముక్కలూ వరసగా వచ్చాయి, తల ముందు, తోక చివర. తొమ్మిది సైట్లూ తెరుచుకున్నాయి.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. "డబ్బాలోనే ఉందన్నాను కదా సార్" అన్నాడు. అన్నాడు మరి.

శుక్రవారం

మంగళవారం అమ్మ చెప్పింది, నేను రేపన్నాను, ఆ రేపు ఈ రోజుకు వచ్చింది. "గ్యాసు బుకింగులో అంతా వస్తుందిరా, చివర డబ్బు కట్టే పేజీ మాత్రం రాదు."

మొదట గుండె జారింది, నా సిద్ధాంతం కూలిందని. కానీ ఇప్పుడు నోట్‌బుక్ ఉంది. నా ఫోన్లో ఆ పేజీ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో వచ్చింది. అమ్మ ఫోన్లో రాలేదు. అమ్మ ఫోన్‌ను వైఫై నుంచి తప్పించి మొబైల్ డేటాలో పెట్టినా రాలేదు. అంటే ఈసారి ఇంటి లైనుకూ రౌటర్‌కూ సంబంధమే లేదు. జబ్బు ఫోన్‌తో పాటే తిరుగుతోంది.

రెండు నిమిషాల్లో దొరికింది. శనివారం రాత్రి కంగారులో అమ్మ ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే చోట, ప్రకటనలను ఆపే ఒక సర్వరు పేరు పెట్టాను. ఆండ్రాయిడ్‌లో 9వ రూపం నుంచి ఉన్న సదుపాయం ఇది. ఒకసారి పెడితే వైఫై అయినా మొబైల్ డేటా అయినా అదే చెల్లుతుంది. ఆ సర్వరు జాబితాలో ఆ చెల్లింపు పేజీకి కావలసిన చిరునామా ఏదో ప్రకటనల లెక్కలో పడిపోయినట్టుంది. తీసేశాను, పేజీ వచ్చింది. డీఎన్ఎస్ తప్పు లేదని ఆదివారమే నోట్‌బుక్‌లో కొట్టేశాను. నిజమే, అప్పటికి లేదు. ఆ ఒక్క ఫోన్లో నేనే తెచ్చిపెట్టాను.

కూర్చుని శనివారం నాడు మార్చినవన్నీ జ్ఞాపకం చేసుకుని రాశాను. పదకొండు వచ్చాయి. ఒక్కొక్కటి వెనక్కి తిప్పాను. ఐపీవీ6 మళ్లీ వేశాను. దానిలో దారి మధ్యలోని రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు కాబట్టి ఈ జబ్బు వస్తే ఇంకా గట్టిగా వస్తుంది, కానీ అదే టిక్కు దానికీ పనిచేస్తోంది. దాని తలకట్టు 40 బైట్లు కాబట్టి అక్కడ అంకె 1432గా కనిపించింది.

శనివారం

ఉత్సాహం కొద్దీ ఇంకొకటి ప్రయత్నించాను. ఈథర్‌నెట్ హద్దునే 1508కి పెంచితే పీపీపీఓఈకి 8 పోయినా 1500 మిగులుతుందని 2006లో ఆర్ఎఫ్‌సీ 4638 వచ్చింది. రెండు వైపులా ఒప్పుకోవాలి. నా వైపు 1508 పెట్టాను, అవతలి యంత్రం ఒప్పుకోలేదు, మళ్లీ 1492 దగ్గరే కుదిరింది. ఒప్పుకున్నా కలిసొచ్చేది అర శాతం. వదిలేశాను.

వంటింట్లో నుంచి అమ్మ పిలిచింది. పెద్దమ్మ వాళ్ల ఊరి గుడి సైటట, పూజకు పేరు రాయించాలట, చక్రం తిరుగుతోందట.

"ఇది కూడా నువ్వు చేసిందేనా?" అని అడిగింది.

అమ్మ ఫోన్ తీసుకుని వైఫై ఆపి మొబైల్ డేటాలో చూశాను. అక్కడా తిరుగుతోంది.

"కాదమ్మా" అన్నాను. ఈ వారంలో ఇంత ధైర్యంగా ఆ మాట అనడం ఇదే మొదటిసారి.